నిరీక్షణ అను తెగిన పోగు: యోబు 7:6ను ధర్మవరపు మగ్గముల నడుమ చదువుట

ఉపోద్ఘాతము

కష్టకాలములో క్రైస్తవ విశ్వాసము నిరీక్షణను, ఆదరణను ఇచ్చునని మన సంఘములన్నియు ఏకకంఠముతో ఒప్పుకొనుచున్నవి. ఆ ఒప్పుకోలును గూర్చి మాకు సందేహము లేదు. అయితే ఆ నిరీక్షణ ఏ మాటలలో ప్రకటింపబడుచున్నది, ఎవరి నోట వినబడుచున్నది, వినువాని హృదయములో అది ఏమగుచున్నది అను ప్రశ్నలను మనము అరుదుగా అడుగుచున్నాము. క్రొత్త సంవత్సరపు వాగ్దాన కార్డు మొదలుకొని సమాధి తోటలో చేయు చిన్న ప్రసంగము వరకు మన ఆదరణ మాటలకు ఒక అలవాటు ఏర్పడినది. సమస్తమును పరీక్షింపుమని అపొస్తలుడు థెస్సలొనీక సంఘమునకు ఇచ్చిన ఆజ్ఞ (1 థెస్స. 5:21) మన ప్రసంగములకు కూడ వర్తించును గనుక, ఆ అలవాటును పరీక్షించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఇందుకు ఆధారముగా యోబు 7:6ను ఎన్నుకొన్నాము. ఎన్నుకొనుటకు కారణము రెండు విధములు. మొదటిది, ఈ వచనములో ఒక భక్తుడు తనకు నిరీక్షణ లేదని దాపరికము లేకుండ చెప్పుచున్నాడు. ఆదరణ ప్రసంగములలో ఈ వచనము దాదాపు వినబడదు. రెండవది, ఆ మాట చెప్పుటకు అతడు మగ్గమును ఉపమానముగా తీసికొనెను. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో పరిచర్య చేయువారికి మగ్గము ఉపమానము కాదు; అది వీధిలో వినబడు శబ్దము.

ప్రాంతము, దాని భారము

ఈ మూడు పట్టణములు ఒకప్పటి అనంతపురము జిల్లాకు చెందినవి. 2022 ఏప్రిల్ 4 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నవి. ధర్మవరము నుండి పెనుకొండ, హిందూపురము మీదుగా బెంగళూరు పోవు రైలు మార్గము వీటిని ఒక దారముపై గ్రుచ్చినట్లు కలుపుచున్నది. హిందూపురము పట్టుగూళ్ల మార్కెట్టుకు, బెల్లము, చింతపండు వ్యాపారమునకు పేరు పొందినది. పెనుకొండ 1565 తళ్లికోట యుద్ధము తరువాత విజయనగర రాజులకు రాజధాని అయినది. నేడు దాని సమీపమున ఎర్రమంచి యొద్ద 2019లో ఉత్పత్తి ప్రారంభించిన కియా కార్ల కర్మాగారమున్నది. ధర్మవరము పట్టుచీరలు భౌగోళిక గుర్తింపు పొందినవి.

ఈ పేరుప్రతిష్ఠల క్రింద వేరొక చరిత్ర ఉన్నది. ఉమ్మడి అనంతపురము జిల్లా సగటు వర్షపాతము ఏటా సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వేరుశనగ ఒక్కటే నమ్ముకొన్న మెట్ట రైతు, ఆ రైతు పొలములో కూలి నమ్ముకొన్న కుటుంబము, వాన తప్పిన ఏడు బెంగళూరు రైలు ఎక్కుదురు. ధర్మవరములోనో, ముడిపట్టు ధర పెరిగినప్పుడు చీర ధర ఆ మేరకు పెరగదు. మరమగ్గపు నకిలీ చీర అంగడిలో ముందుగా అమ్ముడగును. చీరలతో సహా కొన్ని రకములను చేనేతకే కేటాయించిన 1985 నాటి చట్టమున్నను, దాని అమలు మగ్గము గుంట వరకు చేరుట అరుదు. 2000ల తొలి సంవత్సరముల నుండి ధర్మవరపు నేత కార్మికుల ఆత్మహత్యల వార్తలు పదేపదే వచ్చినవి. 2019 డిసెంబరు 21న, మగ్గము గల కుటుంబమునకు ఏటా 24,000 రూపాయలు ఇచ్చు నేతన్న నేస్తము పథకమును అప్పటి ప్రభుత్వము ధర్మవరములోనే ప్రారంభించినది. కష్టము ఎంత లోతైనదో ఆ స్థల నిర్ణయమే చెప్పుచున్నది. ఆ వెంటనే 2020లో కరోనా, 2021 నవంబరులో పెన్నా, చిత్రావతి వరదలు వచ్చినవి. కరువు సీమలో వరద కూడ చూచితిమి.

మన సంఘములలో ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. మగ్గము మీద కూర్చుండువారు కొందరే. అయినను నేతగాని కష్టము మన పొరుగువాని కష్టము. పొరుగువాడెవడని అడిగిన వానికి ప్రభువు ఇచ్చిన జవాబు (లూకా 10:29-37) సభ్యత్వపు పట్టికను చూచి ఇచ్చినది కాదు.

వచనములోని మాట

యోబు 7:6లో భక్తుడు తన దినములు మగ్గపు నాడె కంటె వడిగా పోవుచున్నవనియు, నిరీక్షణ లేక ముగియుచున్నవనియు చెప్పుచున్నాడు. ఇచ్చట నిరీక్షణ అని తర్జుమా అయిన హెబ్రీ పదము "తిక్వా". ఇదే పదము యెహోషువ 2:18, 21లో రాహాబు కిటికీకి కట్టిన తొగరుదారమును గూర్చి వాడబడినది. అచ్చట దాని అర్థము దారము, త్రాడు. కాబట్టి నేతగాని గూర్చిన ఈ వచనములో కవి రెండర్థములను ఉద్దేశించెనని అనేకమంది వ్యాఖ్యాతలు గ్రహించిరి: దినములు నాడెవలె పరుగెత్తి, దారము అయిపోయి ముగియుచున్నవి; నిరీక్షణ అయిపోయి ముగియుచున్నవి.

మగ్గమును చూచినవారికి ఈ శ్లేష విప్పి చెప్పనక్కరలేదు. నాడె లోపల కండె ఉండును. కండెకు చుట్టిన పేక నూలు అయిపోయిన తరువాత నాడె ఎంత వడిగా అటునిటు పోయినను బట్ట అంగుళమైనను పెరుగదు. శ్రమ ఆగలేదు, ఫలము ఆగిపోయినది. యోబు చెప్పునది సోమరి నిరాశ కాదు. అదే అధ్యాయపు ఆరంభములో అతడు కూలివాని దినములను, నీడకొరకు ఆశపడు దాసుని, జీతము కొరకు కనిపెట్టు పనివానిని తలచుచున్నాడు (7:1-2). పని చేయుచునే నిరాశపడువాని భాష ఇది. ఉదయము నుండి రాత్రి వరకు మగ్గము ఆడించి వారము చివర అప్పు పెరిగినట్టు చూచువానికి ఈ భాష తెలియును.

అనువాద చరిత్రలో ఈ చిత్రము కొంత నష్టపోయినది. ప్రాచీన గ్రీకు అనువాదమైన సెప్టువజింతులో నేతగాడే కనబడడు. అచ్చట యోబు జీవితము మాట కంటె తేలికయైనదిగాను, శూన్యమైన నిరీక్షణలో నశించినదిగాను చెప్పబడినది. మన తెలుగు తర్జుమా నాడెను నిలుపుకొన్నది. ఇది గొప్ప మేలు. అయితే "నిరీక్షణ" అను పదములో దారము వినబడదు. ఏ భాషలోనైనను ఒకే పదముతో ఈ శ్లేషను తెచ్చుట కష్టము గనుక అనువాదకులను నిందించుట న్యాయము కాదు. దానిని విప్పి చూపుట బోధకుని బాధ్యత.

"నిరీక్షణ" అను పదమును గూర్చి ఇంకొక సంగతి గమనింపదగినది. సంస్కృతములో దాని మూలార్థము చూచుట, పరికించుట. వాడుక తెలుగులో అది ఎదురుచూపు. భవిష్యత్తునందు దృఢమైన నమ్మకము అను అర్థము క్రైస్తవ వాడుకలోనే స్థిరపడినది. బయటివాడు ఆ భావమునకు "ఆశ" అనును. అయితే ఆశకు దురాశ కూడ తోడుగా వినబడును. కాబట్టి మందిరములో మనము నిరీక్షణ అని చెప్పినప్పుడు సంఘస్థుడు ఒకటి వినును, క్రొత్తగా వచ్చినవాడు "ఇంకను వేచియుండుము" అని వినును. ఈ రెండవ వినికిడి తప్పు కాదు. తిక్వా యొక్క ధాతువునకు కనిపెట్టుట అను అర్థమే ఉన్నది (కీర్తన 40:1, యెషయా 40:31 చూడుడి). కాని కనిపెట్టుట ఎంత భారమో తెలిసినవానితో ఆ మాటను తేలికగా చెప్పరాదు.

నిరీక్షణ ఎవరి నోట?

యోబు గ్రంథములో తిక్వా 13 మార్లు వచ్చుచున్నది. అది ఎవరి నోట వచ్చుచున్నదో లెక్కించినచో ఒక ఆశ్చర్యకరమైన సంగతి బయలుపడును. ఐదు మార్లు స్నేహితులు పలికిరి: ఎలీఫజు రెండు మార్లు (4:6, 5:16), బిల్దదు ఒకమారు (8:13), జోఫరు రెండు మార్లు (11:18, 20). ఎలీఫజు మాటలో యోబు యథార్థతయే అతని నిరీక్షణకు ఆధారము. బిల్దదు మాటలో భక్తిహీనుని నిరీక్షణ సాలెపట్టు వంటిది, ఇచ్చటను దారమే. జోఫరు మాటలో పాపమును విడిచినచో నిరీక్షణ కలుగును, దుష్టులకైతే మరణమే నిరీక్షణ. వీటిలో ఏ ఒక్కటియు విడిగా చూచినచో అబద్ధము కాదు. ఇట్టి మాటలు కీర్తనలలోను సామెతలలోను ఉన్నవి.

మిగిలిన ఎనిమిది మార్లు యోబు పలికెను. ఒకసారి అతని నిరీక్షణ చావే (6:8). ఒకసారి అది అయిపోయిన దారము (7:6). ఒకసారి దేవుడే నరుని ఆశను నీళ్లు రాళ్లను అరగదీసినట్లు భంగము చేయుచున్నాడు (14:19). ఒకే వచనములో రెండు మార్లు తన నిరీక్షణ ఎక్కడ, దానిని ఎవడు చూచును అని అడుగుచున్నాడు (17:15). ఒకసారి దేవుడు దానిని చెట్టును పెళ్లగించినట్లు పెళ్లగించెనని చెప్పుచున్నాడు (19:10). ఒకసారి భక్తిహీనునికి నిరీక్షణ ఏమున్నదని అడుగుచున్నాడు (27:8). మిగిలిన ఒక్క చోట మాత్రమే నిరీక్షణ ఉన్నదని ఒప్పుకొనుచున్నాడు. అదియు మనిషికి కాదు, నరకబడిన చెట్టుకు (14:7-9). నీటి వాసన తగిలినచో మోడు చిగురించునట. ఎండిన చిత్రావతి గట్టున తొలకరి తరువాత మోడు చిగురించుట చూచినవారికి ఆ మాటలోని ఈర్ష్య అర్థమగును: చెట్టుకు ఉన్నది, నాకు లేదు.

గ్రంథము ముగింపులో దేవుడు ఎలీఫజుతో, నా సేవకుడైన యోబు పలికినట్లు మీరు నన్ను గూర్చి యుక్తమైనది పలుకలేదు అను భావముతో మాటలాడెను (42:7). నిరీక్షణను గూర్చి చక్కగా, క్రమముగా, సిద్ధాంతబద్ధముగా ప్రసంగించినవారు గద్దింపు పొందిరి. నిరీక్షణ లేదని మొరపెట్టినవాడు సమర్థింపబడెను. ఇందుకు కారణమేమి? స్నేహితులు దేవుని గూర్చి మాటలాడిరి. యోబు దేవునితో మాటలాడెను. 7:6లో దారము అయిపోయినదని చెప్పి, వెంటనే 7:7లో, నా జీవము వట్టి ఊపిరియని జ్ఞాపకము చేసికొనుమని దేవుని తట్టు తిరుగుచున్నాడు. నిరీక్షణ లేదని దేవునికే చెప్పుటలో ఒక పోగు ఇంకను తెగలేదు. ఆ పోగు యోబు చేతిలో లేదు. అతడు ఎవరిని పిలుచుచున్నాడో ఆయన చేతిలో ఉన్నది.

మన ఆదరణ ప్రసంగము: మూడు లోపములు

ఈ వెలుగులో మన ప్రాంతమున వినబడు ఆదరణ ప్రసంగమును చూచినచో మూడు లోపములు కనబడుచున్నవి.

మొదటిది, సందర్భము నుండి వచనమును కత్తిరించుట. యిర్మీయా 29:11 మన వాగ్దాన కార్డులలో బహుశః అందరికంటె ఎక్కువమందికి దొరకు వచనము. భవిష్యత్తును నిరీక్షణను అను జంటలో అచ్చట కూడ తిక్వాయే ఉన్నది. కాని అది ఒక వ్యక్తికి ఈ సంవత్సరపు ఉద్యోగమును గూర్చి ఇయ్యబడిన మాట కాదు. బబులోను చెరలోని జనసమూహమునకు వ్రాసిన పత్రికలోనిది. దాని ముందు వచనము 70 సంవత్సరములు అని చెప్పుచున్నది. అనగా ఆ పత్రిక వినిన పెద్దలలో అనేకులు దాని నెరవేర్పు చూడకుండ చెరలోనే మరణింతురు. దానికి ముందు అధ్యాయములో హనన్యా రెండు సంవత్సరములలో అంతయు తిరిగి వచ్చునని ప్రవచించెను. జనులకు ఇష్టమైన ఆ మాట అబద్ధ ప్రవచనమని తేలినది. మనము యిర్మీయా వచనమును చేతపట్టుకొని హనన్యా వలె ప్రసంగించు ప్రమాదమున్నది. యిర్మీయా ఇచ్చిన ఆదరణ ఏమనగా ఇండ్లు కట్టుకొనుడి, తోటలు నాటుడి, మీరున్న పట్టణపు క్షేమము వెదకుడి (29:5-7). దీర్ఘకాలపు కష్టములో జీవించుటకు కావలసిన నిరీక్షణ ఇది.

రెండవది, కారణము వెదకుట. అప్పులపాలైనవాని యొద్దకు వెళ్లి ప్రార్థన తక్కువైనదనియో, దశమభాగము ఇయ్యలేదనియో, రహస్య పాపమున్నదనియో సూచించుట మన ప్రాంతములో క్రొత్త కాదు. ఇది జోఫరు ప్రసంగము. వాన కురవకపోవుట, ముడిపట్టు ధర పెరుగుట, నూటికి నెలకు మూడు రూపాయలో ఐదు రూపాయలో వడ్డీ లాగుట అనునవి ఒక కుటుంబము యొక్క ప్రార్థనా జీవితముతో లెక్కతేలు సంగతులు కావు. గుస్తావో గుతియెర్రెజ్ 1986లో ప్రచురించిన యోబు వ్యాఖ్యానములో, పేదవాని దేశములో నిర్దోషి శ్రమను గూర్చి మాటలాడకుండ దేవుని గూర్చి ఎట్లు మాటలాడగలమని అడిగెను. పెరూ దేశములో అడిగిన ఆ ప్రశ్న రాయలసీమకును చెల్లును.

మూడవది, జయించినవారి సాక్ష్యమే చెప్పించుట. రోగము బాగుపడినవాడు, అప్పు తీరినవాడు, కొడుకునకు ఉద్యోగము వచ్చినవాడు సాక్ష్యమిచ్చును. బాగుపడనివాడు వెనుక వరుసలో కూర్చుండి, తన విశ్వాసములోనే లోపమున్నదని అనుకొనును. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయము ఇట్లు చేయలేదు. 35వ వచనము మధ్యలో విశ్వాస వీరుల జాబితా మలుపు తిరుగుచున్నది: కొందరు చనిపోయిన తమవారిని తిరిగి పొందిరి, మరి కొందరు హింసింపబడి విడుదల పొందలేదు. ఇరువర్గములకును ఒకే విశ్వాస సాక్ష్యము ఇయ్యబడినది (11:39). ఆ రెండవ వర్గమునకు మన సాక్ష్యముల సమయములో చోటు లేదు.

ఒక ఆక్షేపణ

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును, వచ్చుట న్యాయము. వాగ్దాన కార్డును పర్సులో పెట్టుకొని, దానిని చదువుకొనుచు ఆపరేషన్ గదిలోనికి పోయిన తల్లి ఉన్నది. వేదాంత కళాశాలలో చదివినవారు సందర్భము పేరట ఆమె చేతిలోని ఆ ఒక్క పోగును కూడ తెంపవలెనా? ఆ ఆక్షేపణను మేము తేలికగా తీసికొనుట లేదు. ప్రభువు నలిగిన రెల్లును విరువడు (మత్తయి 12:20), సేవకుడును విరువరాదు. పరిశుద్ధాత్మ ఒక వచనమును దాని చరిత్ర తెలియనివారికి కూడ జీవముగా చేయగలడు.

అయితే మా విమర్శ ఆ తల్లి మీద కాదు, కార్డును ఇచ్చిన మన మీద. ఆమె ఆపరేషన్ సఫలము కానిచో ఆ కార్డు ఆమె కుటుంబముతో ఏమి చెప్పును? ఒక్క వచనమే చేతికిచ్చి గ్రంథమును దాచిపెట్టినచో, ఆ వచనము తేలిపోయిన దినమున వారికి పట్టుకొనుటకు ఏమియు మిగులదు. యోబును, విలాపవాక్యములను, 88వ కీర్తనను కూడ ఇచ్చినవారము అంధకారములో కూడ దేవునితో మాటలాడవచ్చునని నేర్పినవారమగుదుము. విలాపవాక్యములు 3:29లో నిరీక్షణను గూర్చిన మాట "ఒకవేళ" అను మాటతో కలిసి వచ్చుచున్నది. ఆ "ఒకవేళ" అవిశ్వాసము కాదు. ధూళిలో మూతి పెట్టినవాడు పలుకగల గరిష్ఠ విశ్వాసము. కీర్తనల గ్రంథములో దాదాపు మూడింట ఒక వంతు విలాపములే. వాటిని ఆరాధన నుండి తొలగించిన సంఘము ఎంత నష్టపోవునో వాల్టర్ బ్రూగ్గెమన్ 1986లో వ్రాసిన ప్రసిద్ధ వ్యాసములో వివరించెను: మొర పెట్టుట మరచిన సంఘము న్యాయమును గూర్చి అడుగుటయు మరచును.

కరువు కాలపు ఒక నిదర్శనము

మన తెలుగు సంఘ చరిత్రలో ఆదరణ మాటకును అన్నమునకును గల సంబంధము ఒకమారు తీవ్రముగా పరీక్షింపబడినది. 1876-78 నాటి మహా కరువును మన పెద్దలు ధాత కరువు అనిరి. నాడు పెనుకొండ, హిందూపురము ప్రాంతములు బళ్లారి జిల్లాలో ఉండెను. అనంతపురము ప్రత్యేక జిల్లా అయినది 1882లో. ఆ కరువులో ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొన్ని మైళ్ల కాంట్రాక్టు తీసికొని ఆకలిగొన్నవారికి పని కల్పించెను. బోధకులు కాలువ గట్టున వాక్యము చెప్పిరి. అయితే సహాయము సాగుచున్నంత కాలము బాప్తిస్మములు ఇయ్యుటకు క్లౌ నిరాకరించెను. అన్నము కొరకు వచ్చినవారని ఎవరును అనకూడదని ఆయన తలంపు. కరువు సడలిన పిమ్మట 1878 జూలై 3న గుండ్లకమ్మ తీరమున వెలంపల్లి యొద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఈ సంఘటనను సంఖ్య కొరకే చెప్పుట మనకు వాడుక. దానిలో విమర్శకు పనికివచ్చునది వేరు. అచ్చట పని ముందు వచ్చినది, కూలి చేతికి వచ్చినది, మాట దానితో పాటు వచ్చినది. మాటను కూలికి వెలగా పెట్టలేదు, కూలిని మాటకు ఎరగా వేయలేదు. మరియు ఆ ఉద్యమము మిషనరీ ఒక్కని చేతిపని కాదు. కరువునకు పదేండ్ల ముందే యెర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ విశ్వాసులు తమ బంధువుల ఊళ్లకు సువార్తను మోసికొనిపోయిరి. కష్టములో ఉన్నవారే ఒకరికొకరు ఆదరణ చెప్పుకొనిరి. ఆ ఆదరణకు బరువు వచ్చినది అందుచేతనే.

సమాధి యొద్ద

నిరీక్షణ ప్రసంగమునకు అత్యంత కఠినమైన పరీక్ష అప్పుల బాధతో ప్రాణము తీసికొన్నవాని సమాధి యొద్ద జరుగును. 1662 నాటి ఇంగ్లాండు సంఘపు ప్రార్థన పుస్తకము, తమ్మును తాము చంపుకొన్నవారికి భూస్థాపన క్రమమును వాడకూడదని ఆదేశించెను. ఆ ఆదేశము చదువని సంఘములలో కూడ దాని నీడ నేటికిని పడియున్నది: పాట ఉండదు, మందిరములోనికి తేరు, ప్రసంగము హెచ్చరికగా మారును. వినువారు విధవరాలు, పిల్లలు.

లేఖనము ఏమి చూపుచున్నది? అహీతోపెలు ఉరివేసికొనెను, అతడు తన తండ్రి సమాధిలో పాతిపెట్టబడెను (2 సమూ. 17:23). సౌలు తన కత్తి మీద పడెను, యాబేష్గిలాదువారు రాత్రియంతయు నడిచి అతని దేహమును తెచ్చి పాతిపెట్టి ఉపవాసముండిరి (1 సమూ. 31:11-13). దావీదు వారిని దీవించెను (2 సమూ. 2:5), సౌలు కొరకు విలాపగీతము పాడెను. క్రియను మెచ్చుకొనలేదు, మనిషిని విడువలేదు. మార్టిన్ లూథరు కూడ ఇట్టివారు నశించిరని నిశ్చయముగా చెప్పుటకు ఒప్పుకొనక, అడవిలో దొంగల చేతిలో చంపబడినవానితో వారిని పోల్చెను.

దేశపు చట్టము కూడ మారినది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారని భావింపవలెనని చెప్పుచున్నది. ప్రయత్నమును సాధారణ నేరముగా ఎంచిన పాత 309వ సెక్షను, 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు. చట్టము కనికరము నేర్చుకొనినప్పుడు సంఘము దాని కంటె వెనుకబడియుండరాదు.

క్రీస్తునందు తెగని పోగు

ఇంతవరకు చెప్పినది విలాపముతో ఆగినచో అది క్రైస్తవ ప్రసంగము కాదు. యెహెజ్కేలు 37:11లో ఎండిన యెముకలు తమ తిక్వా నశించినదనియు తాము తెగిపోయితిమనియు చెప్పుచున్నవి. దారము తెగిన చిత్రమే మరల వచ్చినది. దేవుడు వారి ఫిర్యాదును ఖండింపలేదు. సమాధులను తెరచెదనని జవాబిచ్చెను. క్రొత్త నిబంధనలో నిరీక్షణకు ఆధారము పరిస్థితి మెరుగగుట కాదు, యేసుక్రీస్తు మృతులలో నుండి లేచుట (1 పేతురు 1:3). ఆ పునరుత్థానమునకు ముందు సిలువ మీద ప్రభువు 22వ కీర్తన ఆరంభమును, అనగా విడువబడినవాని మొరను, తన ప్రార్థనగా చేసికొనెను. యోబు 7:6 అంచువరకు ఆయన వచ్చెను. దానిని దాటి పోయెను. రెండవ ప్రపంచ యుద్ధపు ఖైదీగా విశ్వాసములోనికి వచ్చిన యూర్గెన్ మోల్ట్‌మన్, 1964లో నిరీక్షణ వేదాంతమును వ్రాయునప్పుడు దానిని సిలువ వేయబడినవాని పునరుత్థానము మీదనే నిలిపెను.

పౌలు క్రమమును కూడ గమనించుడి. శ్రమ ఓర్పును, ఓర్పు పరీక్షకు నిలిచిన స్వభావమును, అది నిరీక్షణను కలుగజేయును (రోమా 5:3-5). నిరీక్షణ ఆరంభములో కాదు, చివర నేయబడును. కనబడునది నిరీక్షణ కాదు (రోమా 8:24). యోబు కూడ తన నిరీక్షణ పెళ్లగింపబడెనని చెప్పిన అధ్యాయములోనే తన విమోచకుడు సజీవుడని పలికెను (19:10, 25). విమోచకుడు అను ఆ పదము లేవీయకాండము 25:25 ప్రకారము అప్పులపాలైన బంధువు పొలమును విడిపించువానికి చెందినది. అప్పు తెలిసినవానికి ఆ మాట ఆకాశములోనిది కాదు.

కాపరులకు, విద్యార్థులకు

దీని నుండి కొన్ని కార్యములు వచ్చుచున్నవి. ఏడాదిలో కొన్ని ఆదివారములైనను విలాప కీర్తన ఒకటి పూర్తిగా, మధ్యలో ఆపకుండ, ఆరాధనలో చదువవలెను. వాగ్దాన కార్డు ఇయ్యవచ్చును. ఆ వచనపు అధ్యాయమంతయు ఆ నెలలో బోధింపవలెను. బాగుపడనివాడు కూడ సాక్ష్యమిచ్చుటకు సమయము కేటాయింపవలెను. నెహెమ్యా 5వ అధ్యాయమును, అనగా కరువులో పొలములు కుదువపెట్టినవారి మొరను, వడ్డీ విడిచిపెట్టుమని నెహెమ్యా పెద్దలను గద్దించుటను, సంఘ పెద్దల కూటములో పఠింపవలెను; మన పెద్దలలోనే వడ్డీకిచ్చువారుండవచ్చును. చావును గూర్చి మాటలాడుచున్నవానిని ఒంటరిగా విడువక, ప్రార్థించి ఇంటికి పోక, కూర్చుండవలెను. వైద్యుని యొద్దకు తీసికొనిపోవుట అవిశ్వాసము కాదని చెప్పవలెను. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సహాయ సంఖ్య 14416 ప్రతి కాపరి డైరీలో ఉండదగినది.

యోబు స్నేహితులు కూడ ఒక మేలు చేసిరి. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో నేల మీద కూర్చుండిరి, ఎవరును మాటలాడలేదు (2:13). వారి పరిచర్యలో శ్రేష్ఠమైన భాగము అదియే.

ముగింపు

నిరీక్షణను గూర్చి ఎక్కువగా మాటలాడుట వలన మన ప్రజలకు నిరీక్షణ కలుగదని యోబు గ్రంథము హెచ్చరించుచున్నది. నిరీక్షణ లేదని చెప్పుకొనుటకు దేవుని సన్నిధిలో వారికి చోటు ఇచ్చుట, ఆ చెప్పుకొనుటలోనే తెగని పోగును చూపుట, మృతులలో నుండి లేచిన ప్రభువు ఆ పోగు రెండవ కొనను పట్టుకొనియున్నాడని ప్రకటించుట, ఆ ప్రకటనకు మన చేతులతో, మన సంచితో సాక్ష్యమిచ్చుట: కష్టకాలపు ఆదరణ పరిచర్య ఈ నాలుగింటితో కూడినది. వీటిలో మొదటిదానిని విడిచి మూడవదానితో ప్రారంభించుట మన అలవాటు. ఆ క్రమమును సరిచేసికొన్నచో, ధర్మవరములో కండె ఖాళీయైన నేతగాడును, వాన తప్పిన పెనుకొండ మెట్ట కూలియు, హిందూపురపు స్టేషనులో మూటతో కూర్చున్న వలస కుటుంబమును మన మాటను తమ మాటగా వినగలుగుదురు.